వెడ్డింగ్ అంటే ఒకప్పుడు పెళ్ళి కాదు

"అమ్మాయికి ఎంగేజ్‌మెంట్ అయిపోయింది, వెడ్డింగ్ కార్డులు అచ్చుకిచ్చాం." ఇప్పుడిది అచ్చమైన తెలుగు వాక్యమే. హైదరాబాద్‌లోనైనా, నరసరావుపేటలోనైనా, డాలస్‌లోనైనా ఇందులో ఏ మాటకీ వివరణ అక్కర్లేదు. ఎంగేజ్‌మెంట్ అంటే నిశ్చితార్థం, వెడ్డింగ్ అంటే పెళ్ళి. కానీ వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండు మనిషికి ఈ వాక్యం వినిపిస్తే తికమకపడతాడు. ఎంగేజ్‌మెంట్ అన్న మాట అతను పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. వెడ్డింగ్ లాంటి మాట తెలుసు గానీ, అతని లెక్కలో అది పెళ్ళి కాదు, పెళ్ళి కుదుర్చుకోవడం. అంటే మనం తాంబూలాలు పుచ్చుకోవడం అనే ఘట్టం. పెళ్ళికి వాళ్ళకి వేరే మాట ఉండేది.

నిశ్చితార్థం మాట పెళ్ళికి ఎలా మారింది, ఖాళీ అయిన చోటులోకి ఎవరెవరు వచ్చారు అన్నది మంచి కథ. మాటల చరిత్రలా మొదలై ఆడపిల్ల తరఫున మాటిచ్చే హక్కు ఎవరిది అన్న దగ్గరికి వెళ్తుంది.

పాత ఇంగ్లిషులో 'వెడ్' అనేది నామవాచకం. ఇచ్చిన మాట మీద నిలబడతానని అవతలివాళ్ళ చేతిలో పెట్టే హామీ, తాకట్టు అని అర్థం. దీనికి పెళ్ళితో ప్రత్యేకంగా సంబంధమేమీ లేదు. 9వ శతాబ్దం చివర్లో ఆల్ఫ్రెడ్ రాజు రాయించిన శాసనాల్లో మొట్టమొదటి నిబంధనే, ప్రతి మనిషీ తన ప్రమాణాన్నీ తన వెడ్‌నీ జాగ్రత్తగా కాపాడుకోవాలి అని. అక్కడ భార్యల ప్రసక్తే లేదు. రాజ్యం నడవాలంటే మాట మీద నిలబడే మనుషులు కావాలన్నదే ఆయన ఉద్దేశం. ఈ మాటకి ఐరోపా అంతటా చుట్టాలున్నారు. పాత జర్మానిక్ భాష గాతిక్‌లో 'వడి', స్కాండినేవియావాళ్ళ పాత భాష నార్స్‌లో 'వెథ్' అంటే ఇదే తాకట్టు. లాటిన్‌లో కోర్టుకి జామీను ఉండే మనిషిని 'వస్' అనేవారు, అదీ ఈ మూలం నుంచి వచ్చిందే. జర్మన్‌లో పందేన్ని ఈ రోజుకీ 'వెట్టె' అంటారు.

ఈ 'వెడ్' నుంచి హామీ ఇవ్వడం అనే అర్థంలో 'వెడ్డియన్' అనే క్రియ వచ్చింది. దానికి ముందు 'బి' చేరిస్తే 'బివెడ్డియన్', అంటే హామీతో పిల్లను ఖాయం చేయడం. ఆ కార్యానికి పేరు 'బివెడ్డుంగ్'. మన కార్డుల మీది వెడ్డింగ్‌కి ఇది సొంత అక్క.

దొరికిన ఆధారాల్లో బాగా పాతది కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ శాసనం. సుమారు క్రీ.శ. 600 నాటిది, ఇంగ్లిషు భాషలో మనకి మిగిలిన మొదటి చట్టం. పిల్లను బలవంతంగా ఎత్తుకుపోయినవాడు ఆమె సంరక్షకుడికి 50 షిల్లింగులు కట్టాలి, ఆపైన అతని సమ్మతిని కొనుక్కోవాలి అంటుంది. ఆ వెంటనే, ఆమె అప్పటికే ఇంకొకరికి సొమ్ముతో 'బివెడ్డియన్' అయి ఉంటే మరో 20 షిల్లింగులు అదనం అంటుంది. ఆమె సమ్మతి మాట ఈ నిబంధనలో లేదు. ఇంకో నిబంధన మరీ సూటిగా ఉంటుంది: పిల్లను కొంటే, మోసం లేనంతవరకు ఆ బేరం చెల్లుతుంది, మోసం ఉంటే పిల్లను ఇంటికి తెచ్చి దిగబెట్టి సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు.

ఇది చదివి చాలామంది "అదిగో, ఇంగ్లండులో ఆడవాళ్ళని పశువుల్లా కొనేవారు" అని తేల్చేస్తారు. నాకు అది తొందరపాటు అనిపిస్తుంది. ఒకటి, ఆ చట్టంలో వాడిన 'చేఆప్' అనే మాటకి సరుకు కొనడమనే కాదు, ఒప్పందం, బేరం కుదరడం అనే అర్థాలూ ఉన్నాయి. రెండు, తర్వాతి నాలుగు వందల ఏళ్ళలో వ్యవహారం చాలా మారింది. కన్యాశుల్కం అన్న మాట మనకి తెలుసు కాబట్టి అదే తూకంతో కొలవబోతాం గానీ, 10వ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ సొమ్ములో ఎక్కువ భాగం తండ్రి చేతికి కాక పిల్ల చేతికి వెళ్తోంది.

అది తెలిసేది ఒక చిన్న పత్రం వల్ల. పేరు 'బె విఫ్‌మన్నెస్ బివెడ్డుంగె', అంటే 'స్త్రీ నిశ్చితార్థం గురించి'. 10వ శతాబ్దం చివర్లోనో 11వ శతాబ్దం మొదట్లోనో ఎవరో రాశారు. రాసినవారి పేరు లేదు, రాజముద్ర లేదు. పెళ్ళి పెద్దలకి ఉపయోగపడే చెక్‌లిస్టులా ఉంటుంది. 1120లలో రోచెస్టర్ చర్చిలో కూర్చిన 'టెక్స్టస్ రోఫెన్సిస్' అనే గ్రంథంలో ఇది ఉంది. ఎథెల్‌బర్ట్ శాసనం మిగిలింది కూడా ఆ ఒక్క గ్రంథంలోనే. ఆ పుస్తకం ఒకసారి నీళ్ళలో పడి తడిసిందని చెబుతారు. ఎండబెట్టి కాపాడకపోయి ఉంటే ఈ వ్యాసంలో సగం ఉండేది కాదు.

ఆ పత్రం చెప్పే వరస ఇది. కన్యనైనా, విధవనైనా చేసుకోదలచినవాడు, అది ఆమెకీ ఆమె బంధువులకీ ఇష్టమైతే, ముందుగా ఆమె తరఫున మాట్లాడేవాళ్ళకి హామీ ఇవ్వాలి. దేవుడి న్యాయం ప్రకారం భార్యను ఎలా చూసుకోవాలో అలా చూసుకుంటానని. అతని స్నేహితులు దానికి జామీను ఉండాలి. తర్వాత, ఆమెను పెంచి పెద్దచేసినందుకు ఇచ్చే 'ఫోస్టర్‌లేఆన్', అంటే పెంపకపు ప్రతిఫలం, ఎవరికి చెందుతుందో తేల్చుకోవాలి. ఆ తర్వాత అసలు సంగతి: తన సంబంధానికి ఒప్పుకున్నందుకు ఆమెకి ఏమిస్తాడు, తను ముందు పోతే ఆమెకి ఏం మిగుల్చుతాడు, రెండూ అందరి ముందు చెప్పాలి. అలా ఒప్పందం కుదిరితే భర్త పోయాక ఆస్తిలో సగానికి ఆమెకి హక్కు ఉంటుంది. వాళ్ళకి బిడ్డ పుట్టి ఉంటే మొత్తానికీ. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆ హక్కు పోతుంది.

అందులో ఒక నిబంధన నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. పిల్లను దూరప్రాంతానికి, వేరే దొర ఏలుబడిలోకి తీసుకెళ్ళేట్టయితే అక్కడ ఆమెకి అన్యాయం జరగదని ముందే హామీ తీసుకోవాలి. ఆమె ఏదైనా తప్పు చేసి జరిమానా కట్టుకోలేని స్థితి వస్తే, కట్టే అవకాశం పుట్టింటివాళ్ళకి ఉండాలి. పిల్లను పరాయి ఊరికి ఇచ్చే తల్లిదండ్రుల టెన్షన్ ఎలాంటిదో ఈ రాసినవాడికి బాగా తెలుసు. చివర్లో పూజారి మాట వస్తుంది: పెళ్ళిలో మాస్, అంటే చర్చి ఆరాధన, చెప్పే పూజారి ఉండి వాళ్ళని దీవెనతో కలపాలి, వధూవరులు మరీ దగ్గరి చుట్టాలు కాకుండా చూసుకోవాలి.

ఆ పూజారి వాక్యంలో పెళ్ళికి వాడిన మాట 'గిఫ్తా'. ఇవ్వడం అని అర్థం, పిల్లను ఒక చేతి నుంచి ఇంకో చేతికి అప్పగించడం. ముందు బివెడ్డుంగ్, తర్వాత గిఫ్తా, రెండూ వేర్వేరు ఘట్టాలు. స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో 'గిఫ్ట్' అంటే ఈ రోజుకీ 'పెళ్ళయిన' అనే అర్థం. అదే మాటకి అక్కడ 'విషం' అనే అర్థం కూడా ఉంది, ఆ దేశాల్లో దీని మీద జోకులకి లోటు లేదు. పెళ్ళిని 'బ్రుయ్‌డ్‌హ్లోప్' అని కూడా అనేవారు, 'వధువు పరుగు' అని, అత్తవారింటికి సాగే ఊరేగింపు కావచ్చు. ఇక నేటి 'బ్రైడల్' అన్న మాట వెనక ఉన్నది 'బ్రైడ్' ప్లస్ 'ఏల్', పెళ్ళి పేరు మీద అందరికీ పోసే బీరు. బ్రైడల్ మేకప్, బ్రైడల్ కలెక్షన్ అని బోర్డులు పెట్టేవాళ్ళు ఈ సంగతి తెలిస్తే ఏమంటారో!

నియమాలు సరే, నిజంగా ఎలా జరిగేది? అదృష్టవశాత్తూ 11వ శతాబ్దపు తొలి ఏళ్ళ నాటి ఒప్పందపత్రాలు రెండు మిగిలాయి. ఒకటి కెంట్ ప్రాంతానిది, 1016కీ 1020కీ మధ్య రాసింది. గాడ్విన్ అనే ఆసామి బ్రిట్రిక్ కూతుర్ని అడిగాడు. మాటలు కింగ్‌స్టన్‌లో, సాక్షాత్తూ కనూట్ రాజు ఎదుట జరిగాయి. తన సంబంధానికి ఒప్పుకున్నందుకు ఆమెకి ఒక పౌను ఎత్తు బంగారం ఇచ్చాడు. స్ట్రీట్ అనే చోట భూమి, బర్‌మార్ష్‌లో 150 ఎకరాలు, 30 ఎద్దులు, 20 ఆవులు, 10 గుర్రాలు, 10 మంది బానిసలు. పిల్లను బ్రైట్లింగ్ నుంచి తీసుకొచ్చినప్పుడు జామీనుగా నిలబడ్డవాళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కాలం బతికితే ఆస్తి మొత్తం వారిది. పత్రం మూడు ప్రతులు తీసి రెండిటిని కాంటర్‌బరీలోని రెండు మఠాల్లో, ఒకటి బ్రిట్రిక్ దగ్గర ఉంచారు.

ఆవులు ఎన్నో ఉంది, గుర్రాలు ఎన్నో ఉంది. పెళ్ళికూతురి పేరు మాత్రం పత్రంలో ఎక్కడా లేదు, 'బ్రిట్రిక్ కూతురు' అంతే. బంగారం తండ్రికి కాదు ఆమెకే ఇచ్చారు, ఆమె ఒప్పుకుంటేనే ఇచ్చారు, అయినా పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. ఆ కాలపు స్త్రీ స్థితి గురించి ఎవరు ఒక్క వాక్యంలో తీర్పు చెప్పినా ఈ పత్రం దానికి అడ్డం తిరుగుతుంది. ఇదే కనూట్ తన చట్టంలో, ఇష్టంలేని మనిషిని చేసుకోమని విధవనైనా కన్యనైనా బలవంతపెట్టకూడదు, డబ్బుకి అమ్మకూడదు అని రాయించాడు. వరుడు తన ఇష్టంతో ఏమైనా ఇస్తే మాత్రం ఇవ్వచ్చు అని ఒక కిటికీ తెరిచి ఉంచాడు. నిషేధం పెట్టారంటే ఆ పని జరుగుతోందనే కదా అర్థం.

ఇక ఈ మాట నిశ్చితార్థం నుంచి పెళ్ళి మీదికి ఎందుకు జరిగింది? నాకు కనిపించే ముఖ్య కారణం చర్చి. 12వ శతాబ్దంలో చర్చి న్యాయపండితులు పెళ్ళి అనేది ఎప్పుడు, దేనివల్ల అవుతుందని తీవ్రంగా తర్కించారు. 1159 నుంచి 1181 దాకా ఉన్న మూడో అలెగ్జాండర్ పోపు తీర్పులతో ఒక సిద్ధాంతం స్థిరపడింది. స్త్రీ పురుషులిద్దరూ వర్తమాన కాలంలో "నిన్ను స్వీకరిస్తున్నాను" అనుకుంటే చాలు, పెళ్ళి అయిపోయినట్టే. పూజారి లేకపోయినా, తండ్రి ఒప్పుకోకపోయినా, సాక్షులు లేకపోయినా సరే. భవిష్యత్ కాలంలో "స్వీకరిస్తాను" అంటే అది నిశ్చితార్థం. అలా అన్నాక ఇద్దరూ కలిసి పడుకుంటే అదీ పెళ్ళే. ఒక్క క్రియారూపం తేడాతో ఆస్తులు, వారసత్వాలు తారుమారయ్యేవి. ఇంగ్లండు చర్చి కోర్టుల రికార్డుల నిండా ఇవే తగాదాలు: పెరట్లో ఏమన్నాడు, పశువుల పాకలో ఏమంది, ఎవరు విన్నారు.

అంతకుముందు హామీ రెండు కుటుంబాల మధ్య ఉండేది. ఇప్పుడు పెళ్ళిని నిలబెట్టే మాట ఇద్దరు మనుషుల నోట్లోంచి రావాలి. మాట ఇవ్వడమే పెళ్ళి అయినప్పుడు, మాట ఇవ్వడం అనే అర్థమున్న క్రియ పెళ్ళి మీదికి జరగడం సహజమే. 1300 ప్రాంతానికి 'వెడ్డింగ్' అంటే పెళ్ళి వేడుకే.

'వెడ్‌లాక్' అన్న మాటా ఈ ఇంటిదే. పెళ్ళంటే తాళం వేయడమని ఇంగ్లిషువాళ్ళే వేళాకోళం చేస్తుంటారు గానీ, చివర ఉన్నది తాళం 'లాక్' కాదు. పాత ఇంగ్లిషులో ఒక పని, ఒక ఆచరణ అని సూచించే 'లాక్' అనే ప్రత్యయం. వెడ్‌లాక్ అంటే మొదట హామీ ఇచ్చే పని.

ఖాళీ అయిన చోటులోకి రెండు మూడు మాటలు పోటీపడ్డాయి. అందులో ఎక్కువ మనసుకి పట్టేది 'ట్రోత్'. ఇచ్చిన మాట మీద నిలబడే విశ్వాసం అని అర్థం, నేటి 'ట్రూత్'కి కవల. దాన్నుంచే 1300 ప్రాంతంలో 'బిట్రోత్', అంటే పెళ్ళికి మాటివ్వడం, అనే క్రియ పుట్టింది. ట్రోత్, ట్రూ, ట్రస్ట్, ఇవన్నీ దృఢంగా నిలబడటం అనే భావమున్న మూలం నుంచి వచ్చాయి. భాషావేత్తలు ఎక్కువమంది 'ట్రీ'ని, సంస్కృతంలోని 'దారు'నీ ఆ మూలంతోనే కలుపుతారు. దారుశిల్పం అన్నా దేవదారు అన్నా వినిపించే దారు అదే.

ట్రోత్‌కి తోడుగా వచ్చే క్రియ 'ప్లైట్'. పాత ఇంగ్లిషులో 'ప్లిహ్ట్' అంటే అపాయం. అపాయంలో పెట్టడం నుంచి, పణంగా పెట్టడం, దాన్నుంచి మాటివ్వడం. 1549లో వచ్చిన ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకంలో వరుడు ట్రోత్‌ని 'ప్లైట్' చేస్తున్నానంటాడు, వధువు మాత్రం ట్రోత్‌ని 'ఇస్తున్నాను' అంటుంది. ఈ తేడాకి పెద్ద సిద్ధాంతాలు అల్లినవాళ్ళున్నారు, నేను అంత దూరం వెళ్ళను. దుస్థితి అనే అర్థంలో వాడే ఇంకో 'ప్లైట్' ఉంది, అది ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట.

అదే పుస్తకంలో పాత ఘట్టాలన్నీ ఒకే క్రతువులో ఇరుక్కుని కూర్చున్నాయి. పూజారి మొదట "ఈమెను భార్యగా స్వీకరిస్తావా" అని అడగడం పాత నిశ్చితార్థం. "ఈ స్త్రీని ఎవరు ఇస్తున్నారు" అనడం పాత గిఫ్తా. తర్వాత "ఈ ఉంగరంతో నిన్ను వెడ్ చేసుకుంటున్నాను, ఈ బంగారం, వెండి నీకిస్తున్నాను" అంటాడు వరుడు. ఇక్కడ వెడ్ అంటే ఉంగరాన్ని హామీగా పెడుతున్నానన్న పాత అర్థం ఇంకా కొన ఊపిరితో ఉంది. 1552లో పుస్తకాన్ని సవరించినప్పుడు బంగారం, వెండి మాట తీసేశారు.

ట్రోత్‌కి పోటీ 'హ్యాండ్‌ఫాస్టింగ్'. నార్స్ భాష నుంచి వచ్చింది, చేతులు కలిపి ఖాయం చేసుకోవడం. స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో నిశ్చితార్థానికి మామూలు మాట. ఇప్పుడు రిబ్బన్లతో చేతులు కట్టుకునే ఫ్యాషన్ పెళ్ళిళ్ళలో దీన్ని "ఏడాది మీద ఒక రోజు కలిసి బతికి చూసుకునే ప్రాచీన సెల్టిక్ ట్రయల్ పెళ్ళి" అంటారు. అలాంటి ఏడాది ఒప్పందాలు ఉండేవని 18వ శతాబ్దపు యాత్రికులు రాశారు, 1820లో వాల్టర్ స్కాట్ ఒక నవలలో వాడుకున్నాడు, ఆ తర్వాత ఇక ఆపేవాడు లేడు. 20వ శతాబ్దంలో స్కాటిష్ న్యాయచరిత్రకారులు పాత రికార్డులు తిరగేసి చూస్తే హ్యాండ్‌ఫాస్టింగ్ అంటే ఉత్త నిశ్చితార్థమేనని తేలింది.

ఈ చేతులు కలపడంలో షేక్‌స్పియర్ కూడా ఒకసారి పెద్దమనిషిగా కూర్చున్నాడు. 1604లో లండన్ సిల్వర్ స్ట్రీట్‌లో మౌంట్‌జాయ్ అనే ఫ్రెంచి మూలాల కుటుంబం ఇంట్లో అద్దెకుండేవాడు. ఆడవాళ్ళ తలల మీద పెట్టుకునే అలంకారాలు తయారుచేసే కుటుంబం. వాళ్ళ కూతురు మేరీకి, అక్కడే పని నేర్చుకున్న స్టీఫెన్ బెలోట్‌కి సంబంధం కుదరాలి. కుర్రాడు మెట్టు దిగట్లేదు. ఇంటావిడ వెళ్ళి షేక్‌స్పియర్‌ని బతిమాలింది, ఆయన కుర్రాడికి నచ్చజెప్పాడు, ఇద్దరి చేతులూ కలిపించాడు. పెళ్ళయ్యాక మామగారు ఇస్తానన్న కట్నం ఇవ్వలేదని అల్లుడు కోర్టుకెక్కాడు: 60 పౌండ్లు ఇప్పుడు, పోయాక 200 పౌండ్లు అన్నారని. 1612 మే 11న షేక్‌స్పియర్ సాక్ష్యం ఇచ్చాడు. కుర్రాడు మంచివాడే, సంబంధం కుదరడంలో నేను మాట సాయం చేసిన మాట నిజమే, కట్నం ఇస్తామన్నారు గానీ ఎంతన్నది గుర్తులేదు అన్నాడు. మధ్యవర్తులు ఎక్కడైనా అంతే. ఆ కాగితాలు 1909లో వాలెస్ దంపతులకి లండన్ దస్తావేజుల గదిలో దొరికాయి. అందులో ఇంకో సాక్షి, నిశ్చితార్థం చేయించడాన్ని 'ష్యూర్ చేయడం' అన్నాడు. ఖాయం చేయడం అన్నమాట, ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మరో పలుకుబడి.

చివరికి గెలిచింది ఎంగేజ్‌మెంట్. దాని కులగోత్రాలు వెతికితే అసలు ముచ్చట బయటపడుతుంది. 'వెడ్'కి మూలమైన మాట ఫ్రాంకులనే జర్మానిక్ తెగ భాషలోనూ ఉండేది, 'వడ్య' అని. ఫ్రాంకులు గాల్ దేశాన్ని, అంటే నేటి ఫ్రాన్స్‌ని, ఏలినప్పుడు అది అక్కడి లాటిన్‌లో కలిసింది. పారిస్ వైపు ఫ్రెంచిలో పదం మొదట్లోని 'వ' ధ్వని 'గ'గా మారింది, ఉత్తరాన 'వ'గానే నిలిచింది. అందుకే పారిస్ వైపు 'గేజ్', ఉత్తరాన 'వేజ్'. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఈ రెండు రకాలూ ఇంగ్లిషులోకి వచ్చిపడ్డాయి. మిక్సీ కొనేటప్పుడు "వారంటీయా, గ్యారంటీయా" అని మనం అడిగే రెండు మాటలూ ఈ మార్పు వల్ల విడిపోయిన ఒకే మాట. అలాగే 'వేజ్' అంటే కూలి, 'వేజర్' అంటే పందెం, 'మార్ట్‌గేజ్' అంటే చచ్చిన తాకట్టు. 'ఎన్‌గేజ్' అంటే తాకట్టులో పెట్టడం, దాన్నుంచి మాటకి కట్టుబడటం. 18వ శతాబ్దానికి ఎంగేజ్‌మెంట్ నిశ్చితార్థం అర్థంలో స్థిరపడింది. చిన్నప్పుడు ఇంట్లోంచి వెళ్ళిపోయిన తమ్ముడు ఫ్రెంచి కోటు తొడుక్కుని తిరిగొచ్చి, అన్న ఖాళీ చేసిన గదిలోనే దిగినట్టు, వెడ్డింగ్ వదిలేసిన పనిని దాని రక్తసంబంధీకుడే అందుకున్నాడు.

చర్చి దారిలో లాటిన్ మాటలూ వచ్చాయి గానీ అంతగా జనం నోళ్ళలో నానలేదు. విశ్వాసం అనే అర్థమున్న మాట నుంచి నిశ్చితార్థం చేయడానికి 'అఫియన్స్', దాని దాయాది, నిశ్చితార్థమైన మనిషిని అనే 'ఫియాన్సే'. వాగ్దానం చేయడం నుంచి 'స్పౌస్', అంటే జీవిత భాగస్వామి. క్రికెట్ జట్టు చొక్కా మీద కనిపించే 'స్పాన్సర్' ఈ స్పౌస్‌కి వరసకి అన్నే.

మాటలు ఇలా కుదురుకుంటుంటే చట్టం నిశ్చితార్థం బలాన్ని క్రమంగా పీకేసింది. హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన 1753 చట్టంతో ఇంగ్లండు, వేల్స్‌లలో ముందుగా ప్రకటన లేదా లైసెన్సు, ఆపైన చర్చిలో పెళ్ళి తప్పనిసరి అయ్యాయి. యూదులకీ, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళకీ మాత్రం మినహాయింపు ఇచ్చారు. "నాకు మాటిచ్చాడు, పెళ్ళి చేయించండి" అని చర్చి కోర్టుకి వెళ్ళే దారి మూసుకుపోయింది. స్కాట్లండుకి ఆ చట్టం వర్తించదు కాబట్టి తొందరపడే జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌లో కమ్మరి కొలిమి దగ్గర పెళ్ళాడటం అప్పుడే మొదలైంది. అక్కడ మాటతో అయిపోయే పెళ్ళిళ్ళు 1940 దాకా చెల్లాయి.

ఇంగ్లండులో మిగిలిన దారి ఒక్కటే, మాట తప్పినందుకు నష్టపరిహారం దావా. 19వ శతాబ్దంలో పత్రికలకి ఇవి పండగ. ఎక్కువగా ఆడవాళ్ళే దావా వేసేవారు, ప్రేమలేఖలు కోర్టులో బిగ్గరగా చదివేవారు. 1970లో పార్లమెంటు దాన్నీ రద్దు చేసింది. 1971 జనవరి 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో పెళ్ళి చేసుకుంటానన్న మాట చట్టం దృష్టిలో ఒప్పందం కాదు. అదే చట్టంలో ఉంగరం గురించి కూడా ఒక నిబంధన పెట్టారు: ఎంగేజ్‌మెంట్ ఉంగరాన్ని బేషరతు బహుమతిగానే అనుకోవాలి, పెళ్ళి జరగకపోతే తిరిగివ్వాలన్న షరతు మీద ఇచ్చినట్టు ఇచ్చినవాడు రుజువు చేసుకుంటే తప్ప.